బ్రాంచ్ మారాలా వద్దా అన్నది తర్వాత, ముందు ఎవరు పొమ్మంటున్నారో చూడండి



కొంచెం పొడుగు పోస్టు. బ్యాక్‌లాగులు మీద పడి, కోర్సు వదిలేద్దామా అని హాస్టల్లో రాత్రుళ్లు కప్పు చూస్తూ పడుకునే వాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

పోయిన వారం రాత్రి పదకొండు దాటాక ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. భద్రాచలం దగ్గర కోయ గూడెం వాళ్లది. సివిల్ ఇంజనీరింగ్, రెండో ఏడాది. "అన్నా, ఎం-వన్ మళ్లీ పోయింది. ఇది మూడోసారి. సారు పిలిచి, నీకు ఇంజనీరింగ్ సెట్ కాదు, పోయి బీఏ చేసుకో, మీకెట్లాగూ రిజర్వేషన్ ఉంది, ఏ డిగ్రీ అయితే ఏంది అన్నడు. పోదామనే అనుకుంటున్న. నాయినకు ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు" అన్నాడు.

మూడుసార్లకు ఎన్నెన్ని మార్కులు వచ్చినయ్ అని అడిగాం. 75కి మొదట 9, తర్వాత 14, ఇప్పుడు 21. పాస్ కావాలంటే 26. ఆ సారుకు ఇందులో మూడు ఫెయిళ్లు కనబడ్డాయి. మాకు ట్యూషన్ లేకుండా, అడిగితే చెప్పే మనిషి లేకుండా 9 నుంచి 21 దాకా ఎక్కిన పిల్లగాడు కనబడ్డాడు. సర్వేయింగ్ పాసయ్యాడు. ఫీల్డులో టోటల్ స్టేషన్ ముందుగా సెట్ చేసేది తనేనట, మిగతా బ్యాచ్‌లు కూడా వచ్చి పిలుచుకుపోతారట. మరి సివిల్ ఇతనికి సెట్ కాదని ఏ లెక్కన తేల్చారు?

ఎం-వన్ ఎందుకు పోతుందో మనకు తెలుసు, వాళ్లకూ తెలుసు. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఊరికి దగ్గరని సర్కారు జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం ఎంపీసీ చేశాడు. లెక్కల లెక్చరర్ వచ్చేసరికి సగం ఏడాది అయిపోయింది. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఇక్కడ ఒక్కసారిగా ఇంగ్లిష్. మాత్రిక తెలుసు, నిర్ధారకం తెలుసు, అవకలజం తెలుసు. బోర్డు మీద డిటర్మినెంట్, డెరివేటివ్ అని పడితే అది తనకు తెలిసినదేనని గుర్తుపట్టడానికే ఒక సెమిస్టర్ పోయింది. అప్పటికి క్లాసు ఐగన్ విలువలు దాటిపోయింది. దీన్ని తెలివి తక్కువ అంటే మేం ఒప్పుకోం.

2023 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ సహాయ మంత్రి లోక్‌సభలో లెక్క చెప్పారు. అంతకు ముందు ఐదేళ్లలో చదువు మధ్యలో మానేసిన ఎస్టీ విద్యార్థులు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో 2,622 మంది, ఐఐటీల్లో 408 మంది. ఇంతమంది ఎందుకు పోయారు సార్ అంటే, విద్యార్థులకు చాలా అవకాశాలుంటాయి, ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకూ, ఒక కోర్సు నుంచి ఇంకో కోర్సుకూ మారుతుంటారు అన్నది జవాబు. మన తమ్ముడు రేపు బ్యాగు సర్దుకుని బస్సెక్కితే అది కూడా "మారడం" కిందే రాస్తారు. అర్ధరాత్రి ఫోన్లో ఏడ్చింది ఏ కాలమ్‌లో రాస్తారు?

ఇంకో తమాషా. "బ్రాంచ్ మారు" అని తేలిగ్గా అంటారు గానీ, అడ్మిషన్లు పూర్తయ్యాక బ్రాంచ్ మార్పు ఉండదని జేఎన్టీయూ హైదరాబాద్ నియమావళిలోనే ఉంది. మార్పు ఉన్న పెద్ద సంస్థల్లో అది మొదటి ఏడాది టాపర్లకు దక్కేది. లెక్కల్లో తప్పిన వాడికి "మారు" అంటే అర్థం కాలేజీ వదిలెయ్ అనే. వదిలేసి మళ్లీ దోస్త్‌లో అప్లై చేసి, డిగ్రీ మొదటి ఏడాదిలో నీకన్నా రెండేళ్లు చిన్నోళ్ల పక్కన కూర్చో అని. ఆ మాట నేరుగా అనడానికి నోరు రాదు కాబట్టి సలహా అంటారు.

అట్లని ఎవరూ మారొద్దని మేం చెప్పట్లేదు. ఈ విషయంలో మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మూడేళ్ల కింద మన గ్రూపులోని ఒక చెల్లె సీఎస్ఈ వదిలి చరిత్రలో చేరతానంటే మేమే అడ్డం పడ్డాం. "తండా నుంచి మొదటి ఇంజనీరువు, ఇజ్జత్ పోతది" అన్నాం. ఆ పిల్ల ఫెయిల్ కాలేదు, అన్నీ పాస్. కోడింగ్ అంటే మాత్రం పొద్దున లేవబుద్ధి కాదనేది. ర్యాంకు వచ్చిందని ఇంట్లో, ఊళ్లో కలిసి చేర్పించిన సీటు అది. మా మాట వినకుండా మారింది, ఇప్పుడు పీజీ చేస్తున్నది, తండాలో ముసలవ్వల పాటలు రికార్డు చేస్తున్నది. చెల్లె, మేం తప్పు మాట్లాడినం.

ఈ ఇద్దరి సంగతీ పక్కపక్కన పెట్టుకుని మీది మీరు చూసుకోండి. ఒక్క తప్పనిసరి పేపర్ అడ్డం పడి మిగతా కోర్సు మీద ఇష్టం ఉన్నవాడు వేరు, పేపర్లన్నీ పాసై కూడా కోర్సు మీద మనసు లేని వాళ్లు వేరు. మొదటి వాళ్లు మారితే ఆ ఒక్క పేపర్‌కు కోర్సు మొత్తం అప్పజెప్పినట్టు. రెండో వాళ్లు మారకపోతే ఇంకొకరి కలకు నాలుగేళ్లు కూలి చేసినట్టు. రిజల్ట్ వచ్చిన వారంలో మాత్రం ఏదీ తేల్చకండి. ఆ వారం మాట్లాడేది సిగ్గు, మీరు కాదు.

మారాలనే నిర్ణయించుకుంటే డబ్బుల సంగతి ముందు చూడండి. ముందస్తు అనుమతి లేకుండా కోర్సు గానీ కాలేజీ గానీ మారిస్తే స్కాలర్‌షిప్ రద్దు చేయొచ్చని పోస్ట్ మెట్రిక్ నిబంధనల్లో ఉంది. మధ్యలో మానేస్తే ఆ ఏడాది ఇచ్చింది తిరిగి కట్టమనే వీలూ ఉంది. నోటిమాట నమ్మకండి, గిరిజన సంక్షేమ శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే టీసీ అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవద్దని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. ఇవ్వమంటే ఒక్కళ్లే పోకండి, నలుగురం వస్తాం.

ఇక మన సీనియర్లకు. "రిజర్వేషన్ ఉంది, ఏ డిగ్రీ అయినా చాలు" అనే మాట ఆ సారు నోట్లోంచే కాదు, మన అన్నల నోట్లోంచి కూడా విన్నాం. ఏజెన్సీలో వంతెన కట్టడానికి, చెరువు సర్వే చేయడానికి, పోడు పట్టా కోసం హద్దులు కొలవడానికి ఎప్పుడూ బయటోడే రావాలా? కొలిచే చేతులు మన దగ్గర ఉన్నాయి, ఐదు మార్కులు తక్కువై ఆగిపోయాయి. మీలో ఎంతమంది ఎం-వన్ దాటి వచ్చారు? అప్పటి నోట్సు ఎక్కడ పడేశారు? జూనియర్‌కు ఆదివారం రెండు గంటలు ఇవ్వలేని వాళ్లు ఆదివాసీ దినోత్సవం నాడు స్టేజీ ఎక్కి డోలు కొట్టి దిగితే ఏం లాభం?

తమ్ముడు ఉంటాడో పోతాడో ఇంకా చెప్పలేదు. మేం అడగలేదు కూడా. వచ్చే సప్లీ దాకా ఆగుతానన్నాడు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో మొదటి చాప్టర్ మొదలుపెట్టాం, పేజీకి ఎడమ పక్క తెలుగు పదం, కుడి పక్క ఇంగ్లిష్ పదం రాసుకుంటూ. గంటన్నరలో నలభై పదాలు అయ్యాయి. ఆ ఫోటోలు కామెంట్లో పెడుతున్నాం, అవసరమైన వాళ్లు తీసుకోండి. తప్పులుంటే లెక్కల వాళ్లు దిద్దండి.