ఏరు దాటిన వేల్స్ వకీలు

ప్రాంతం పేరు చెప్పి గెలిచినవాడు పెద్ద కుర్చీ ఎక్కితే ప్రాంతానికి మేలు జరుగుతుందా? ‘మనోడు లోపలుంటే మన పని అయితది’ అనేవాళ్లు అన్ని కాలాల్లో, అన్ని దేశాల్లో ఉన్నారు. వాళ్ల ముందు మేము డేవిడ్ లాయిడ్ జార్జ్ జీవితాన్ని పెడుతున్నాం. ఇంటి భాష వెల్ష్ అయిన ఒకే ఒక్క బ్రిటిష్ ప్రధాని ఆయన.

లాయిడ్ జార్జ్ దొరల బిడ్డ కాదు. 1863లో పుట్టాడు. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. ఉత్తర వేల్స్‌లోని ఒక పల్లెలో బూట్లు కుట్టే మేనమామ రిచర్డ్ లాయిడ్ పెంచి, చదివించాడు. 1884లో సొలిసిటర్ అయ్యాడు. పేద కక్షిదారుల కాగితాలు పట్టుకొని కింది కోర్టుల చుట్టూ తిరిగే వకీలన్నమాట.

అప్పటి వేల్స్‌లో జనం మాట్లాడేది వెల్ష్, భూస్వాములు మాట్లాడేది ఇంగ్లిషు. జనం ప్రార్థన చేసేది తమ సొంత చాపెళ్లలో, పన్ను కట్టేది మాత్రం రాజ్యం అండ ఉన్న ఇంగ్లండ్ చర్చికి. ఆఖరికి శ్మశానం మీద కూడా చర్చిదే పెత్తనం. లాన్‌ఫ్రోథెన్ అనే ఊళ్లో ఒక ముసలి రాతిగని కార్మికుడు తనను బిడ్డ సమాధి పక్కనే, తమ పద్ధతిలో పూడ్చాలని కోరి చనిపోయాడు. చర్చి అధికారి ఒప్పుకోలేదు. ‘1880 చట్టం మీ పక్షాన ఉంది, గేటు తెరుచుకొని పోయి పూడ్చండి’ అని సలహా ఇచ్చాడు ఈ పాతికేళ్ల వకీలు. కింది కోర్టు జడ్జి కాదన్నా 1888లో పై కోర్టులో గెలిచాడు. ఒక్క శవం కేసుతో వేల్స్ అంతటా పేరు మోగింది. 1890 ఉపఎన్నికలో 18 ఓట్లతో పార్లమెంటుకు పోయాడు. దాదాపు 55 ఏళ్లు ఆ సీటు ఆయనదే.

అప్పటికి ‘కుమ్రి వీద్’ అనే ఉద్యమం నడుస్తోంది. రేపటి వేల్స్ అని దానర్థం. వేల్స్‌కు స్వపాలన కావాలన్నది దాని కోరిక. లాయిడ్ జార్జ్ దాని గొంతు అయ్యాడు. 1896 జనవరిలో న్యూపోర్ట్ సభలో దక్షిణ వేల్స్ లిబరల్ నాయకులు ఆయన్ను సరిగా మాట్లాడనివ్వలేదు. కార్డిఫ్, న్యూపోర్ట్ రేవు పట్టణాల్లోని ఇంగ్లిషు వ్యాపార వర్గాలకు వెల్ష్ పల్లెల పెత్తనం వస్తుందేమోనన్న భయం. ఉద్యమం అక్కడ దెబ్బతిన్నది.

దెబ్బ తగలని ఉద్యమం ఏది? దెబ్బ తిన్నాక నాయకుడు ఎటు నడిచాడన్నదే లెక్క. లాయిడ్ జార్జ్ లండన్ వైపు నడిచాడు. స్వపాలన జెండాను మళ్లీ ఎన్నడూ ఉద్యమంగా ఎత్తలేదు. 1905లో మంత్రి, 1908లో ఆర్థిక మంత్రి, 1916లో ప్రధాని.

ఆయన చేసిన మంచిని మేము దాచం. 70 ఏళ్లు నిండిన పేదలకు పింఛను వచ్చింది ఆయన ఆర్థిక మంత్రిగా ఉండగానే. 1909 బడ్జెట్‌లో భూస్వాముల మీద పన్ను వేశాడు. 1911లో కార్మికులకు ఆరోగ్య బీమా తెచ్చాడు. ఇవన్నీ బ్రిటన్ పేదలందరికీ అందాయి. వేల్స్‌కు వేల్స్‌గా దక్కిందేమిటి? ఇంగ్లండ్ చర్చి అధికార హోదా అక్కడ రద్దయింది. 1914లో చట్టమై 1920లో అమలైంది. 1914లోనే ఇ.టి. జాన్ అనే వెల్ష్ ఎంపీ స్వపాలన బిల్లు పెడితే అది అక్కడే పడిపోయింది. అప్పుడు ఆర్థిక మంత్రి ఎవరు? ఈయనే.

చిన్న జాతి బిడ్డ కదా, మరో చిన్న జాతి బాధ తెలియదా అనుకుంటాం. ఐర్లండ్ స్వపాలన అడిగితే ‘బ్లాక్ అండ్ టాన్స్’ బలగాలు ఊళ్లు తగలబెట్టింది ఆయన ప్రభుత్వంలోనే. జలియన్‌వాలాబాగ్ కాల్పుల నాటి ప్రధాని ఆయనే. 1922 ఆగస్టులో, ఇండియా పాలనకు ఐసీఎస్ ఉక్కు చట్రమని పార్లమెంటులో చెప్పిందీ ఆయనే. ఆ అక్టోబరులోనే కన్జర్వేటివ్‌లు మద్దతు తీసేస్తే గద్దె దిగాడు. వాళ్ల భుజాల మీద కూర్చున్నవాడు వేల్స్ మాట ఎట్లా ఎత్తుతాడు?

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడ మల్లన్న అని మన పెద్దలు ఊరికే అనలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆయన బిడ్డ మేగన్ 1950లలో వేల్స్‌కు పార్లమెంటు కావాలని సంతకాల ఉద్యమం నడిపింది. ఎంపీగా ఉన్న ఆమె 1966లో చనిపోతే, ఆ కార్మార్థెన్ సీటును జాతీయ పార్టీల చేతిలోంచి లాక్కొని గెలిచింది ప్లయిడ్ కమ్రి అనే వెల్ష్ ప్రాంతీయ పార్టీ. 1979 రెఫరెండంలో వేల్స్ ఓడింది. 1997లో 6,721 ఓట్ల తేడాతో గెలిచింది. 1999లో కార్డిఫ్‌లో శాసనసభ కొలువుదీరింది. న్యూపోర్ట్ సభ తర్వాత 103 ఏళ్లు.

ప్రధాని పదవి తేలేనిది జనం పట్టుదల తెచ్చింది. ‘మనోడు లోపలున్నాడు కదా’ అని ఇంట్ల కూర్చున్న ప్రతి ఏడాదీ ఆ 103లోనే జమ అయింది.