మూలికయు బూడిదగుంటయు

భద్రాచల మన్యము మూలికలకు పుట్టినిల్లు. ఉసిరి, కరక, తాండ్ర, నేలవేము, తిప్పతీగ మున్నగువానిని కోయలును కొండరెడ్లును సేకరించి సంతలకు తెత్తురు. పట్టణములలో నవియే పొడులై, సారములై సీసాలకెక్కుచున్నవి. దేహమున జేరిన సీసము, పాదరసము, ఆర్సెనిక్కు అనెడి పాషాణము మున్నగు విషలోహములను ఈ సారములు హరించునని యిటీవల విశేషముగ ప్రచారము జరుగుచున్నది. ఇందు నిజమెంతయో విచారింపవలసియున్నది.

ఈ విచారణ ఖమ్మము సరిహద్దువారికి మిక్కిలి యవసరము. 1871లో ఇల్లెందు చెంత డాక్టరు కింగు బొగ్గును కనుగొన్న పిమ్మట గనులు వెలసినవి. కాలక్రమమున పాల్వంచ, మణుగూరులయందు విద్యుత్కేంద్రములు లేచినవి. మన దేశపు బొగ్గున నూటికి 30 మొదలు 45 పాళ్లవరకు బూడిదయే. అందు సీసము, పాషాణము, క్రోమియము లేశమాత్రముగ నుండును. పాదరసము పొగవెంట గాలిలో గలియును. లేశమే గదా యని యుపేక్షింపరాదు. లక్షల టన్నుల బూడిదలోని లేశము లేశముగ మిగులదు.

మూలికలకు గుణము లేదని మేమనము. ఉసిరి, కరకలలోని వగరు పదార్థములకు లోహమును పట్టు శక్తి కలదు. మునగ, ఉసిరి, వెల్లుల్లి సారములు లోహములవలని హానిని తగ్గించినట్లు ఎలుకలపై జేసిన పరీక్షలలో గానవచ్చినది. మనుష్యులపై జరిగిన పరీక్షలు మాత్రము బహుస్వల్పము. 2012లో వెలువడిన యొక పరీక్షలో ఇరాను దేశపు బ్యాటరీ కార్మికులు 117 మందిలో కొందరికి వెల్లుల్లిని, కొందరికి పెన్సిలమైను అను మందును 4 వారములిచ్చి చూడగా, రెంటివలనను రక్తములోని సీసము ఇంచుమించు సమముగ తగ్గెను. ఇది సంతోషింపదగినదే. కాని యెముకలలో నేండ్లతరబడి నిలిచిన సీసము 4 వారములలో పోవునది గాదు. విషము వచ్చు త్రోవను మూయక మందు మ్రింగుట, గండి పూడ్చక చేనిలోని నీరు తోడుటయే యగును.

మరియొక సంగతి. మొక్క తాను పెరిగిన నేలలోని లోహమును పీల్చుకొనును. బూడిద పడిన నేలపై గోసిన యాకు, మందుగాక విషమే కావచ్చును. 2004లో అమెరికాలోని బోస్టను అంగళ్లలో గొనిన 70 ఆయుర్వేదౌషధములను పరీక్షింపగా, 14 టియందు సీసమో, పాదరసమో, పాషాణమో బయల్పడెను. శోధింపని లోహము ప్రాణాంతకమని మన రసశాస్త్రమే హెచ్చరించుచున్నది గదా! ఎగుమతియగు మూలికౌషధములకు 2006 నుండి లోహపరీక్ష తప్పనిసరి చేయబడినది. పరదేశీయుని దేహమునకు జూపిన యీ శ్రద్ధ, సంతలో పొడి గొను మన రైతుకును ఆచరణమున దక్కవలయును.

2020 డిసెంబరులో ఏలూరున ఐదువందల మందికి పైగా జబ్బుపడి, పలువురు మూర్ఛలతో ఆసుపత్రి జేరిరి. రోగుల రక్తమున సీసము, నికెలు కానవచ్చినవని ఎయిమ్సు వైద్యులు తెలిపిరి. పురుగుమందులపైకిని అనుమానము పోయెను. ఆపద మూడిన పిదప కొలత మొదలిడువారికి కారణము సులభముగ చిక్కదు.

కావున బూడిదగుంటల చేరువనున్న బావులనీటిని ఏటేట పరీక్షించి, ఆ ఫలితములను తెనుగున పంచాయతీ గోడపై ప్రకటింపవలయును. పిల్లల రక్తమున సీసమును కొలువవలయును. మూలికలు కోయు చోట్ల మట్టిని శోధింపవలయును. రాగులు, ఆకుకూరలు, ఉసిరి పిల్లలకు పుష్కలముగ నందవలయును; దేహమున సున్నము, ఇనుము కొరవడినయెడల సీసము మరింత జొరబడును. విషము సోకినవానిని పసరుతో నిలుపక ఆసుపత్రికి జేర్పవలయును.

వీనిని గ్రామసభలలో నిలిచి యడుగుట భూవసతియు విద్యయు గలవారి విధి. కోయబిడ్డ త్రాగు నీరే మన పొలములకును పారుచున్నది. మూలిక మనకు తోడు కావచ్చును గాని, బూడిదగుంటకు పూచీ కాజాలదు.