చేతిపని: కొలిమి చెప్పిన కూలి లెక్క

ఇంటిల్లిపాదీ కలిసి చేయదగిన చేతిపనులను గురించి ఈ శీర్షికలో ముచ్చటించుకుంటున్నాము. ఈ నెల మేము ఎంచుకున్న పని కొందరికి వింతగా తోచవచ్చు. అది కమ్మరిపని. వృత్తిగా కాదు, తీరిక వేళల వ్యాపకంగా. ఖరీదైన పనిముట్లతోనూ కాదు, ఇంట్లోను, పాత ఇనుము కొట్టులోను దొరికిన వస్తువులతో. గత వేసవి సెలవులలో మేము, మా పెద్దబ్బాయి కలిసి పెరట్లో ఈ పనికి పూనుకున్నాము. ఒక కొక్కెం చేయడం నేర్చుకుందామని మొదలైన ఆ పని మేము మరచిపోయిన ఒక బాకీని గుర్తుచేసింది. ఆ సంగతి తరువాత విన్నవించుకుంటాము. ముందు పని సంగతి.

దివ్య ఖుర్ఆన్‌లో 57వ సూరా పేరు 'అల్ హదీద్'. హదీద్ అంటే ఇనుము. ఇనుములో గొప్ప బలమూ, మానవులకు ప్రయోజనాలూ ఉన్నాయని ఆ సూరాలోని 25వ ఆయత్ తెలుపుతున్నది. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కొరకు అల్లాహ్ ఇనుమును మెత్తబరిచాడని, కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించాడని 'సబా' సూరా (34:10-11) చెబుతున్నది. బలంతోపాటు కొలతను కూడా ప్రస్తావించడం గమనించదగినది. రాజ్యాధికారం ఉన్నప్పటికీ దావూద్ (అ) తన చేతి కష్టంతోనే భుజించేవారని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆయనకు ఇనుము మెత్తబడటం దైవానుగ్రహం. మనకు మాత్రం నిప్పు, గాలి, సుత్తి, ఓర్పు కావాలి.

కొలిమి అంటే బొగ్గును ఒకచోట నిలిపి, దానికి గాలి అందించే ఏర్పాటు, అంతే. మేము ఒక పాత ఇనుప గమేళా తీసుకొని, దాని పక్కన అంగుళం గొట్టం దూరేంత రంధ్రం చేయించాము. బంకమట్టి, ఇసుక కలిపిన ముద్దను లోపల మందంగా మెత్తి, నడుమ రెండు దోసిళ్ళ బొగ్గు పట్టే గుంటను వదిలాము. గొట్టం కొన ఆ గుంటలోనికి, అడుగు నుండి రెండు వేళ్ళ ఎత్తున తెరుచుకొనేటట్లు అమర్చాము. మట్టిని వారం రోజులు నీడన ఆరబెట్టి, తరువాత సన్నని మంటతో కాచాము. తడి మట్టి మీద ఒక్కసారిగా పెద్ద నిప్పు వేస్తే లోపలి నీరు ఆవిరియై పెచ్చులు చిట్లి ఎగురుతాయి.

తోలుతిత్తి మాకు లేదు. పాత హెయిర్ డ్రయర్‌ను చల్లగాలి మీట మీద ఉంచి వాడుకున్నాము. గొట్టం మూడడుగుల పొడవైనా ఉండాలి, లేనిచో వేడికి డ్రయర్ మూతి కరుగుతుంది. గాలి మరీ ఎక్కువైతే డ్రయర్‌ను గొట్టానికి కాస్త దూరంగా జరిపితే చాలు. నీటి కుళాయిలకు వాడే జి.ఐ. గొట్టాన్ని మాత్రం వాడరాదు. దానిమీది జింకు పూత వేడికి పొగగా మారుతుంది. ఆ పొగ పీల్చిన వారికి కొన్ని గంటలలోనే వణుకు, జ్వరం వస్తాయి. పూత పూసిన మేకులు, బోల్టులు, రంగు వేసిన ఇనుము కూడా కొలిమిలో పెట్టరాదు. ఇక బొగ్గు విషయానికి వస్తే, ఇస్త్రీ బండి వారు కొనే కట్టెబొగ్గు సరిపోతుంది. దానిని నిమ్మకాయంత ముక్కలుగా కొట్టుకోవాలి.

దాగలికి రైలు పట్టా ముక్క మేలని పలువురు చెబుతారు. కాని పాత ఇనుము కొట్టులోనికి ఆ ముక్క ఎలా వచ్చిందో మనకు తెలియదు. రైల్వే ఆస్తిని అక్రమంగా కలిగి ఉండటం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. అనుమానాస్పదమైన దానిని విడిచిపెట్టడమే విశ్వాసికి శోభ. మేము ఐదు కిలోల సమ్మెట తలను కొని, ఒక చింతమొద్దులో గుంట తొలిచి, దాని ముఖం పైకి ఉండేటట్లు దిగగొట్టాము. నిటారుగా నిలబడి చేయి క్రిందికి వదిలితే పిడికిలి తగిలేంత ఎత్తులో దాగలి ఉండాలి. అంతకన్నా తగ్గితే నడుము, పెరిగితే భుజం నొప్పి పెడతాయి. సుత్తి కిలో బరువుకు మించనక్కరలేదు. మొదట్లో పటకారు కూడా అవసరం లేదు. రెండడుగుల పైగా పొడవున్న కడ్డీ తీసుకుంటే ఒక కొన నిప్పులో ఉండగా రెండవ కొనను చేతితో పట్టుకోవచ్చు. అయితే వేడి నెమ్మదిగా ప్రాకుతుంది కనుక మధ్యమధ్య చేయి దగ్గరి భాగాన్ని నీటిలో ముంచాలి.

జాగ్రత్తల విషయంలో మాత్రం సర్దుబాటు పనికిరాదు. కొలిమి ఆరుబయటనే ఉండాలి. మూసిన గదిలో బొగ్గు నిప్పులు వాసన లేని విషవాయువును వదులుతాయి. సిమెంటు గచ్చు మీద ఎర్రని ఇనుము పెడితే అది పేలి పెచ్చులు లేస్తుంది, మట్టినేల మేలు. నూలు బట్టలు, మూసిన తోలుచెప్పులు, కంటి అద్దాలు తప్పనిసరి. నైలాన్, పాలిస్టర్ బట్టలు నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. వేలాడే చున్నీలు, వదులు చేతులు బిగించి కట్టుకోవాలి. ఒక బకెట్ నీరు, ఒక బకెట్ ఇసుక చేరువలో ఉండాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎర్రని ఇనుము కాదు, నల్లబడిన ఇనుము. చూపుకు చల్లారినట్లున్నా అది చేతిని కాల్చివేస్తుంది. మొదటి సాయంత్రమే మా అబ్బాయి వేలికి ఈ పాఠం అందింది.

పొరుగువారి హక్కు కూడా ఉన్నది. మదీనాలో అబూ సైఫ్ అనే కమ్మరి ఉండేవారు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం ఆయన ఇంటనే పాలు త్రాగాడు. బిడ్డను చూడటానికి ప్రవక్త (స) వెళ్ళినప్పుడు ఆ ఇల్లు పొగతో నిండి ఉన్నదని, హజ్రత్ అనస్ (రజి) ముందుగా పరుగెత్తి కబురు చెప్పగా అబూ సైఫ్ తిత్తి ఊదడం ఆపారని సహీహ్ ముస్లింలోని హదీసు చెబుతున్నది. ప్రవక్త (స) ఆ పొగ ఇంటికి వెళ్ళడానికి సంకోచించలేదు, కమ్మరి కూడా అతిథి కొరకు పొగను ఆపారు. మేము ఇరుగుపొరుగును ముందుగా అడిగి, వారు ఆరవేసిన బట్టలు తీసుకున్న తరువాత, అస్ర్ నమాజు ముగించుకొని కొలిమి రాజేసేవారము. మగ్రిబ్ అజాన్ వినబడేసరికి సుత్తి దించేవారము. ఆ సమయంలో వెలుతురు తగ్గుతుంది కనుక ఇనుము రంగు కూడా చక్కగా తెలుస్తుంది.

ఆ రంగే కమ్మరికి గడియారం. ఇనుము ముదురు ఎరుపు నుండి నారింజకు, నారింజ నుండి పసుపుకు మారుతుంది. నారింజ, పసుపుల నడుమ అది సుత్తికి లొంగుతుంది. మళ్ళీ ముదురు ఎరుపుకు దిగినప్పుడు కొట్టడం ఆపి నిప్పులో పెట్టాలి. తెల్లబడి రవ్వలు చిమ్మితే ఇనుము కాలిపోతున్నదని అర్థం. కడ్డీని బయటికి తీసిన తరువాత మనకు దొరికేది కొద్ది క్షణాలే. ఏమి చేయాలో ముందే నిశ్చయించుకొన్నవానికే ఆ క్షణాలు సరిపోతాయి.

మొదటి పనిగా గోడకొక్కెం మంచిది. వెల్డింగ్ షాపులో పది మిల్లీమీటర్ల మామూలు కడ్డీ దొరుకుతుంది. కొనను సాగదీసి మొన తేల్చేటప్పుడు మొదట నలుపలకలుగా, తరువాత ఎనిమిది పలకలుగా, చివరకు గుండ్రంగా కొట్టాలి. మొదటినుండీ గుండ్రంగా కొడితే నడుమ చీలిక వస్తుంది. మొనను చిన్న చుట్టగా మడిచి, దాగలి అంచు మీద మెడ వంచాలి. రెండవ కొనను చదును చేసి, చల్లారిన తరువాత మేకుకు రంధ్రం వేయించాలి. చేయి కాల్చేంత వేడి ఇంకా ఉండగానే తేనెమైనం రుద్దితే తుప్పు త్వరగా పట్టదు.

ఇదంతా చదవడానికి కొద్ది నిమిషాలు. మాకు ఒక్క కొక్కేనికి నాలుగు సాయంత్రాలు పట్టింది. రెండు కడ్డీలు కాలిపోయాయి, ఒకటి మెడ దగ్గర విరిగింది. నాలుగవ రోజు అరచేతి బొబ్బలు చూసుకుంటూ మా అబ్బాయి అడిగాడు: "అబ్బాజాన్, ఇది అమ్మితే ఎంత వస్తుంది?" మేము జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ఆ క్షణాన మా మనసులో మెదిలింది ఒక వృద్ధ కమ్మరి ముఖం.

రెండేళ్ళ క్రితం ఒక గడ్డపారకు మొన సాగదీయించడానికి ఆయన వద్దకు వెళ్ళాము. నూట ఇరవై రూపాయలన్నారు, సరేనన్నాము. పని అయిన తరువాత "నాలుగు దెబ్బలే కదా" అని ఎనభై చేతిలో పెట్టి వచ్చాము. ఆయన మారుమాట్లాడలేదు. పనికి ముందు బేరమాడటం ధర్మసమ్మతమే. ఒప్పుకొన్న పని చేయించుకొని తరువాత తగ్గించడం బేరం కాదు, కూలిని కోయడం. శ్రామికుని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమన్న హదీసును ఎందరికో వినిపించిన మేమే ఆ పని చేశాము.

మక్కాలో హజ్రత్ ఖబ్బాబ్ బిన్ అరత్ (రజి) కమ్మరిపని చేసేవారు. ఆస్ బిన్ వాయిల్ కొరకు పనిచేసి, కూలి అడగడానికి వెళితే, ముహమ్మద్ (స)ను తిరస్కరిస్తేగాని ఇవ్వనన్నాడు. ఖబ్బాబ్ (రజి) నిరాకరించగా, చనిపోయి మళ్ళీ లేచినప్పుడు నాకు సంపదా సంతానమూ ఉంటాయి, అప్పుడు తీరుస్తానని ఎగతాళి చేశాడు. 'మర్యమ్' సూరాలోని 77వ ఆయత్ మొదలుకొని ఆ అహంకారాన్ని ఖండిస్తూ ఆయతులు అవతరించాయి. ఆస్ అవిశ్వాసంతో కూలి ఎగ్గొట్టాడు, మేము అలవాటుగా ఎగ్గొట్టాము. కమ్మరి కోల్పోయినది మాత్రం ఒకటే.

మరునాడు ఆ నలభై రూపాయలూ, కొక్కెమూ తీసుకొని మేమిద్దరమూ వెళ్ళాము. "ఆచారి గారూ, ఇది మీ బాకీ, మమ్మల్ని క్షమించండి" అన్నాము. ఆయన కాసేపు ఊరకుండి, "ఆ రోజు మీరిచ్చింది బొగ్గుకు సరిపోయింది సాయిబు గారూ. కూలి ఇవ్వాళ వచ్చింది" అన్నారు. పైన ఇవ్వబోయిన డబ్బు మాత్రం తీసుకోలేదు. తరువాత కొక్కెం చేతిలోనికి తీసుకొని త్రిప్పి చూశారు. "మెడ దగ్గర మాడబెట్టావు నాయనా, గాలి తగ్గించు" అని మా అబ్బాయికి చెప్పారు. ఇప్పుడు వాడు ఆదివారాలు ఆయన కొలిమి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఆ నేర్పుకు రుసుము ముందుగానే మాట్లాడుకొన్నాము.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకనాడు తయారైన ఉక్కును కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుండి వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దంలో హెన్రీ వోయ్సీ వ్రాశాడు. ఆ ఉక్కుతో చేసిన ఖడ్గాలను ప్రపంచం కొనియాడింది. దానిని కరిగించినవారిని తలచుకొనేవారు అరుదు. కొలిమి పెట్టుకోదలచిన సోదరులారా, ముందుగా మీ ఊరి కమ్మరి వద్దకు వెళ్ళండి. ఒక పూట కూలి ఇచ్చి ఆయన ప్రక్కన నిలబడండి. గమేళా, సమ్మెట తల, డ్రయర్ ఎక్కడైనా దొరుకుతాయి. ఆ చేతి అనుభవం మాత్రం అక్కడే దొరుకుతుంది.

మా మొదటి కొక్కెం వంటింటి గోడకు ఉన్నది. కాస్త వంకరే. దానికి సంచి తగిలించినప్పుడల్లా ఎవరికైనా కూలి బాకీ ఉన్నామా అని ఒకసారి తలచుకుంటున్నాము. ఇతరుల శ్రమను సరైన కొలతతో తూచే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.