దారిలో ఊపిరి నిలిపితేనే ఆస్పత్రి వైద్యం

అప్పనపల్లి: వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న ఈ గ్రామంలో ఎవరికి ప్రాణం మీదకు వచ్చినా రాజోలుకో, అమలాపురానికో తీసుకువెళ్లాలి. పెద్ద కేసైతే కాకినాడ పోవాలి. ఊపిరి ఆగితే నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. కనుక రోగి బతుకు చాలావరకు దారిలోనే తేలిపోతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 సర్వీసు ప్రారంభమైంది. స్పృహ తప్పిన మనిషికి నాలుక వెనక్కి జారి, వాంతి అడ్డుపడి గొంతు మూసుకుపోతుంది. గడ్డం పైకెత్తి, సక్షన్ యంత్రంతో గొంతు శుభ్రం చేసి, మాస్కు బిగించి, అంబు బ్యాగు నొక్కి గాలి పంపడం మొదటి పద్ధతి. స్వరపేటిక మీద కూర్చునే మెత్తని గొట్టం అమర్చడం రెండోది. శ్వాసనాళంలోకే గొట్టం దింపడం మూడోది. ఇది కష్టమైన పని. గొట్టం అన్నవాహికలోకి పోయిన సంగతి గమనించకపోతే ప్రాణమే పోతుంది.

గొట్టం దింపితేనే గొప్ప వైద్యమనుకోవడం సరికాదు. ఇంగ్లండులో గుండె ఆగిన 9 వేల మందికి పైగా రోగులపై జరిగిన పరిశీలన 2018లో వెలువడింది. రెండో పద్ధతికీ మూడో పద్ధతికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అలాగని మూడో పద్ధతి అక్కరలేదనీ కాదు. 2014 జూన్ 27న ఇదే మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా మరణించారు. మంటల్లో వేడిగాలి పీల్చినవారికి గొంతు లోపల వాచి గంటల్లోనే మూసుకుపోవచ్చు. వాపు ముదరకముందే గొట్టం పడాలి. కట్లపాము కాటుకు శ్వాస కండరాలు పడిపోతే, అవి కోలుకునేదాకా గాలి అందిస్తూనే ఉండాలి.

గ్యాస్ పైపులు, పాములు, గోదావరి రేవులు ఉన్న కోనసీమలో ఈ విద్యను తేలికగా తీసుకోరాదు. ప్రతి అంబులెన్సులో సక్షన్ యంత్రం, ఆక్సిజన్ సిలిండరు, పెద్దలకూ పిల్లలకూ సరిపోయే మాస్కులు రోజూ సరిచూడాలి. వాడని చెయ్యి మొద్దుబారుతుంది. సిబ్బందిని ఏటా కొన్నాళ్లు ఆపరేషన్ థియేటరులో మత్తు డాక్టరు వద్ద ఉంచి అభ్యాసం చేయించాలి.

గ్రామస్థుల బాధ్యతా ఉంది. ఊపిరి ఉండి స్పృహ లేనివారిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నీళ్లు, సోడా పోయరాదు. ఊపిరి లేకుంటే 108కి ఫోను చేసి, వారు చెప్పినట్లు ఛాతీ నొక్కుతూ ఉండాలి. జిల్లా వైద్యాధికారులు ఈ శిక్షణను గ్రామాల యువకులకు కూడా ఇప్పించడం ఎంతైనా అవసరం.