ఎర్ర గుర్తులు లెక్కపెడితే సరిపోదు

రిపోర్ట్ వచ్చిన రోజు రాత్రి మా ఇంట్లో వంట కాలేదు. మావారు కోటు కూడా విప్పకుండా లాప్‌టాప్ ముందు కూర్చుని, అరవై పేజీల ఫైలు తెరిచి, పైనుంచి కిందిదాకా ఎర్ర గుర్తులు లెక్కపెట్టారు. "ఆరున్నాయి" అన్నారు, పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో ఎర్ర గీతలు చూసిన తండ్రి గొంతుతో. కాసేపాగి, "ఈ ఇల్లు కూడా పోయినట్టే" అన్నారు.

ఆ "కూడా" దగ్గర నా మనసు చివుక్కుమంది.

మేము ఇంగ్లండులోని రీడింగ్‌లో తొమ్మిదేళ్ళుగా అద్దె ఇళ్ళలో ఉన్నాం. సొంతిల్లు కొనుక్కుందామనుకునేసరికి మా చేతికందే ధరలో ఉన్నవి విక్టోరియా రాణి కాలంనాటి ఎర్ర ఇటుకల వరస ఇళ్ళే. అంటే నూరేళ్ళు దాటినవన్నమాట. అంతకు ముందు ఏడాది అలాంటిదే ఒకటి చూశాం. పాప బడికి నడిచి వెళ్ళేంత దూరం. వంటింటి కిటికీలో కరివేపాకు కుండీ పెట్టుకునేంత ఎండ. సర్వే రిపోర్టులో మూడు ఎర్ర గుర్తులు వచ్చాయి. భయపడి వదులుకున్నాం.

ఇల్లు చేజారాక ఆ రిపోర్ట్ తీరిగ్గా చదివాను. ఆ మూడూ ఏమిటంటారా? కరెంటు వైరింగుకి ఈమధ్య పరీక్ష చేయించినట్టు కాగితం లేదు. గ్యాస్ బాయిలర్‌కి సర్వీసు చేయించినట్టు కాగితం లేదు. మురుగు పైపుల లోపల ఎలా ఉందో పైనుంచి తెలియదు కాబట్టి కెమెరా పెట్టి చూపించుకోండి. అంతే! ఒక్కటి కూడా ఇల్లు పాడైందని చెప్పలేదు. నిపుణుడికి చూపించమని చెప్పాయి. "చూపించండి" అన్న మాటని మేము "పారిపోండి" అని చదువుకున్నాం. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళితే ఆ వంటింటి కిటికీ వైపు చూడకుండా ఉండలేను.

అందుకే రెండో ఇంటి రిపోర్ట్ వచ్చినప్పుడు, "మీరు భోజనం చేసి పడుకోండి, నేను చదువుతాను" అన్నాను. మిగిలిన చారన్నం పెట్టి, టీ కాచుకుని కూర్చున్నాను. నేను ఇంజనీరింగ్ చదవలేదు. తెలుగు బి.ఏ. చదివాను. కానీ ఈ రిపోర్టు చదవడానికి కావలసింది వాక్యాన్ని జాగ్రత్తగా చదవడమేనని ఆ రాత్రి నాకు అర్థమైంది. ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషి దీన్ని తప్పకుండా చదవాలన్నదే నేను చెప్పబోయే మాట.

ముందు ఒక సంగతి. ఇంటి లోను ఇచ్చే బ్యాంకు కూడా ఒక మనిషిని పంపుతుంది. దాన్నే సర్వే అనుకుని సరిపెట్టుకునేవాళ్ళు మన స్నేహితుల్లో చాలామంది ఉన్నారు. అది బ్యాంకు తన డబ్బు కోసం చేయించుకునే విలువ లెక్క. ఇంటి మంచిచెడ్డలు మన కోసం చూసే సర్వేయరు వేరు. ఆయన్ని మనమే పెట్టుకోవాలి, ఫీజు మనమే ఇచ్చుకోవాలి. స్కాట్లండులో అమ్మేవాళ్ళే ముందుగా రిపోర్ట్ తయారు చేయించి పెట్టాలి, ఇంగ్లండులో అలా కాదు. ఈ సర్వేల్లో మూడు స్థాయిలుంటాయి. పాత ఇంటికి, అందులోనూ గోడలు కొట్టి మార్పులు చేసిన ఇంటికి, మూడో స్థాయిదే చేయించుకోవడం మంచిది. మొదటి ఇంటికి రెండో స్థాయితో సరిపెట్టాం, ఈసారి మూడోది చేయించాం.

ఇక రంగులు. ఆకుపచ్చ ఒకటి అంటే మామూలు నిర్వహణ చాలు. పసుపు రెండు అంటే బాగుచేయించాలి కానీ తొందరలేదు. ఎర్ర మూడు అంటే తీవ్రమైన లోపం ఉంది, లేదా వెంటనే బాగుచేయించాలి, లేదా మార్చాలి, లేదా వెంటనే పరీక్ష చేయించాలి. అందులో ఎన్ని "లేదా"లున్నాయో చూశారా? వాటిలో ఏ "లేదా" వల్ల ఎర్రదైందో కింద రాసిన వాక్యం చదివితేగానీ తెలియదు.

ఇవిగాక ఏ రంగూ లేకుండా "ఎన్ఐ" అని రెండక్షరాలుంటాయి. చూడలేదు అని అర్థం. సర్వేయరు కార్పెట్లు లేపడు, బరువైన సామాను జరపడు, గోడకి కన్నం పెట్టడు. అది ఆయన తప్పు కాదు, ఇల్లింకా వేరేవాళ్ళది కదా.

వాక్యానికి ప్రాణం క్రియలో ఉంటుందని మా తెలుగు మేష్టారు అనేవారు. పెన్సిలు తీసుకుని క్రియల కింద గీతలు గీశాను. కొన్ని చోట్ల ఆయన "చూశాను" అన్నాడు. కొన్ని చోట్ల "అయివుండవచ్చు" అన్నాడు. కొన్ని చోట్ల "చూడడానికి వీలు కాలేదు" అన్నాడు. ఆ మూడింటినీ ఒక కాగితం మీద మూడు వరసల్లో రాశాను. తెల్లారి మావారు లేచేసరికి ఆరు ఎర్రగుర్తుల్లో మూడు వెనకటిలాగే "కాగితం లేదు, పరీక్ష చేయించండి" బాపతు. ఇంకోటి ఊగుతున్న పెంకు. మిగిలినవి రెండూ ముందు గది గోడల చెమ్మ.

ఈ చెమ్మ గురించి చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపులో ఆ మాట పెడితే సగంమంది "వద్దు, వదిలేయండి" అంటారు, తక్కినవాళ్ళు "అందరికీ అలాగే రాస్తారు, పట్టించుకోకండి" అంటారు. రెండూ పనికిరావు. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న. సర్వేయరు గోడకి పెట్టి చూసే మీటరు చెక్కలో తేమ కొలవడానికి సరిచేసింది. ప్లాస్టరులో ఉప్పు పేరుకుంటే కూడా అంకె ఎక్కువే చూపిస్తుంది. నేను సర్వేయరుకి ఫోన్ చేశాను. చేయవచ్చు, అడగండి. రాతలో వంద జాగ్రత్తలు తీసుకునే మనిషి ఫోనులో మామూలు మనిషిలా మాట్లాడతాడు. "బయటకి వెళ్ళి చూడండి, ఆ గోడకి ఆనించి పూలమడి ఎత్తుగా పోశారు. మట్టి, గోడలో చెమ్మని ఆపే పొర కంటే పైకి వచ్చేసింది" అన్నాడు. బయటి నేల ఆ పొర కంటే కనీసం 150 మిల్లీమీటర్లు కిందుండాలట. అంటే జానెడు కంటే కొంచెం తక్కువ. రిపోర్టులో అదీ ఉంది, వేరే పేజీలో, తోట గురించి రాసిన చోట. ఇల్లు మాదయ్యాక ఒక శనివారం పారతో ఆ మట్టి తీసేశాం. గోడ ఆరడానికి మాత్రం నెలలు పట్టింది.

ఉచితంగా వచ్చి చెమ్మ చూస్తామనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు గోడలోకి మందు ఎక్కించే పని అమ్ముకునేవాళ్ళే అయితే మందే రాస్తారు. ఏ పనీ అమ్మని మనిషికి ఫీజిచ్చి చూపించుకోవడమే చవక.

అసలు భయం ఎర్ర గుర్తుల్లో లేదు. నలభై ఒకటో పేజీలో, రంగు లేని రెండు వాక్యాల్లో ఉంది. ఈ ఇళ్ళలో గదిగదికీ బొగ్గు పొయ్యి ఉండేది. దాని పొగగొట్టం దిమ్మ గోడలోంచి గదిలోకి పొడుచుకొచ్చి, కిందినుంచి పైకప్పు దాకా ఇటుకలతో లేస్తుంది. వెనక వంటింట్లో ఆ దిమ్మ తీసేశారు, స్థలం కలిసొస్తుందని. పై గదిలో మాత్రం అలాగే ఉంది. మరి పైనున్న ఇటుకల బరువు దేనిమీద ఆనింది? "ఆధారం ఏమిటో చూడడానికి వీలు కాలేదు; అనుమతి పత్రాలు అడగండి" అని రాశాడు. పై గది పాప గదనుకున్నాం. కింద, పొయ్యి ముందు నేను నిలబడే చోటు.

మావారు ఆ పేజీ దాటేశారు. ఎర్ర లేదుగా!

లాయరు ద్వారా అడిగితే అమ్మేవాళ్ళ దగ్గర కౌన్సిల్ కాగితం లేదు. దానికి బదులు ఒక ఇన్సూరెన్సు పాలసీ ఇస్తామన్నారు. చాలామంది దానితో తృప్తిపడతారు. కానీ ఆ పాలసీ కౌన్సిల్ చర్య తీసుకుంటే వచ్చే నష్టానికి. ఇటుకలు కిందపడకుండా అది ఆపదు కదా? స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించాం. ఆయన అమ్మేవాళ్ళ అనుమతితో కొంత సీలింగు తెరిచి చూశాడు. అంత బరువూ రెండు చెక్క ముక్కల మీద ఉంది. ఇన్నేళ్ళు నిలిచిందంటే పాత సున్నం చలవే. ఇనుప దూలం వేయాలి, కౌన్సిల్ వాళ్ళు వచ్చి చూసి పత్రం ఇవ్వాలి. పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడ కాబట్టి 1996 నాటి చట్టం ప్రకారం వాళ్ళకి ముందుగా నోటీసివ్వాలి. ఖర్చు 4,000 పౌండ్లు అవుతుందన్నారు. రెండు వారాల బేరం తర్వాత ధరలో 3,000 తగ్గించారు.

ఆ రెండు వారాలూ ఏజెంటు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఇంకెవరో సిద్ధంగా ఉన్నారట. మావారికి మళ్ళీ భయం, ఈసారి ఇల్లు పోతుందని. ఇంగ్లండులో ఒప్పందాలు మార్చుకునేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. ఆ మాట నిజమే, ఇల్లు పోవచ్చు. పోతే సర్వే డబ్బులు పోతాయి. కానీ అడిగే హక్కు కూడా ఆ రోజు దాకానే.

నా మొండితనం వెనక ఒక కథ ఉంది. నా చిన్నప్పుడు తెనాలిలో నాన్నగారు పాత ఇల్లు కొన్నారు. లింకు డాక్యుమెంట్లు చూశారు, ఈసీ తీయించారు, వాస్తు సిద్ధాంతిని తీసుకెళ్ళి చూపించారు. డాబా ఎక్కి చూసినవాళ్ళు లేరు. అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఈ ఒక్క గదికే కొత్తగా సున్నం ఎందుకు వేశారండీ?" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు. మగవాళ్ళు రేటు మాట్లాడుకుంటున్నారు. మొదటి వానాకాలంలోనే ఆ గది కప్పు పెచ్చులూడి, తుప్పుపట్టిన చువ్వలు బయటపడ్డాయి. అక్క పెళ్ళికని దాచిన డబ్బు స్లాబుకి పోయింది. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని నాకిప్పుడనిపిస్తుంది.

ఎవరు ఏ గదిలో పడుకుంటారో, బట్టలు ఎక్కడ ఆరేస్తామో, తాలింపు ఆవిరి ఏ గోడకి తగులుతుందో ఇంట్లో ఉండేవాళ్ళకి తెలుస్తుంది. రిపోర్టు రాసినాయనకి ఇల్లు తెలుసు, మన సంసారం తెలియదు. ఆ రెండూ కలిపి చదవాల్సింది మనమే. "ఆ ఇంగ్లీషు, ఆ టెక్నికల్ మాటలు నాకెందుకు, ఆయన చూసుకుంటారు" అనుకోకండి. తెలియని మాటకి కింద గీత గీసి అడిగితే సరి.

పారిపోవలసిన ఇళ్ళూ లేకపోలేదు. గోడ మీద మెట్లుమెట్లుగా వేలు దూరేంత పగుళ్ళు, మూసుకోని తలుపులు, నేల కుంగిన జాడలు ఉంటే ఇంజనీరు చెప్పినట్టు వినాల్సిందే. మా రీడింగ్‌లోనే కొన్నిచోట్ల భూమి కింద పాత సుద్ద గనులున్నాయి. అది ఏ సర్వేయరు కంటికీ కనపడదు, లాయరు చేయించే సెర్చిల్లో చూసుకోవాలి.

దూలం పని అయ్యాక కౌన్సిల్ పత్రాన్ని రిజిస్ట్రేషన్ కాగితాలతో కలిపి బీరువాలో పెట్టాను. మొన్న లెస్టర్ నుంచి మా వదిన ఫోన్ చేసింది. పాత ఇల్లు చూశారట, రిపోర్ట్ వచ్చిందట. "ఎర్రవి నాలుగున్నాయి, ఏం చేయమంటావు?" అంది. మావారు పక్కనుంచి అందుకున్నారు. "ఎర్రవి సరే అక్కా, ఆయన చూడలేకపోయినవి ఎన్నున్నాయో ముందు అది చెప్పు."