కుండీలు ఏ లెక్కలోకి వస్తాయి?

స్త్రీల ఆస్తి హక్కు అనగానే మన చర్చలు భూమి, ఇల్లు, బంగారం దగ్గర ఆగిపోతాయి. ఆ మూడూ ముఖ్యమైనవే, కాదనను. 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ వారసత్వ సవరణ ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఇచ్చింది. అదే హక్కు దేశమంతటికీ రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. కానీ ఆ వాటా కాగితాలున్న స్త్రీలలో ఎంతమంది ఆ నేలలో తమకిష్టమైన మొక్క నాటుకోగలిగారు? ఇల్లు భర్త పేరున, కొడుకు పేరున, కాకపోతే ఇంటి యజమాని పేరున ఉంటుంది. స్త్రీకి దక్కేది బాల్కనీలో మూడడుగుల జాగా. ఏ దస్తావేజులోకీ ఎక్కని ఆమె ఆస్తి అక్కడే, కుండీల్లో పెరుగుతుంది.

అబిడ్స్‌లో నా పరిశోధన పని మీద తరచుగా వెళ్లే ఒక పాత అపార్ట్‌మెంటులో జరిగిన విషయం ఇది. బయటి గోడలకు నెమ్ము దిగుతోందని, పాత ప్లాస్టరింగ్ చెక్కేసి కొత్తది వేయించాలని సంఘం తీర్మానించింది. మూడు నెలలన్న పని పద్నాలుగు నెలలు సాగింది. పరంజా కట్టి, దాని మీద పచ్చటి వల బిగించారు. బాల్కనీలు ఖాళీ చేయమని ముందు రోజు సాయంత్రం వాచ్‌మన్‌తో కబురు పంపారు. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక రిటైర్డు టీచరుకు అప్పటికి నలభై ఒక్క కుండీలున్నాయి. నేనామెను అక్కయ్యా అని పిలుస్తాను. తల్లి ఇంటి నుంచి కొమ్మ తెచ్చి నాటుకున్న మల్లె, నుమాయిష్ నుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన గులాబీలు, కరివేపాకు, వాము, మరువం, ఏడాదికి ఒకటి రెండు రాత్రులు మాత్రమే పూసే బ్రహ్మకమలం. పని ముగిసేసరికి ఏడు మిగిలాయి.

మొక్కలు ఊరికే చావవు. సిమెంటు దుమ్ము ఆకుల మీది సన్నని రంధ్రాలను మూసేస్తుంది. తడిసిన సిమెంటు గాఢమైన క్షారం. అది కుండీ మట్టిలోకి దిగితే అందులో ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు, లేత ఆకులు పసుపుబారతాయి. చీకటి వరండాలోకి నెట్టిన వాటికి వెలుతురు లేదు. సంఘానికి గానీ కాంట్రాక్టరుకు గానీ ఈ సంగతులతో పని లేకపోయింది. “మా వాళ్లు ముట్టుకోలేదమ్మా, అవే ఎండిపోయాయి” అన్నాడు కాంట్రాక్టరు. సంఘం సమావేశంలో ఒక పెద్దమనిషి, “మేడం, మొక్కలకు కూడా నష్టపరిహారమా?” అని నవ్వాడు. అదే సమావేశంలో ఒక కారు అద్దం పగిలినందుకు ఎనిమిది వేలు ఇవ్వడానికి చర్చే జరగలేదని మినిట్స్ పుస్తకంలో ఉంది. నేను చూశాను.

ఆ నవ్వు ఆయనొక్కడిదే కాదు, చట్టం కూడా దాదాపు అలాగే ఆలోచిస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నేలలో వేళ్లూనుకున్న చెట్టూ పొదా ‘భూమికి అంటిపెట్టుకున్నవి’. 2013 భూసేకరణ చట్టం అలాంటి చెట్లకు, మొక్కలకు విలువ కట్టడానికి ఉద్యాన, వ్యవసాయ, అటవీ రంగాలలో అనుభవజ్ఞుల సహాయం తీసుకోవచ్చంటుంది. అంటే నేలలో ఉన్న జామచెట్టుకు లెక్క ఉంది. అదే జామ కుండీలో ఉంటే అది సామాను, కుర్చీలాంటిది. ‘తీసుకుపొండి’ అంటారు. (అబిడ్స్ పక్కనే జాంబాగ్ ఉంది. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్ అసలు పేరు బాగే ఆం, జనం తోట. పేర్లలో తోటలకు మన నగరంలో కొదవ లేదు.)

అద్దె ఇంట్లో ఉన్న స్త్రీకి ఈ పాటి నిలబడే చోటు కూడా లేదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో రైలు మొదలయ్యేదాకా నాంపల్లి రోడ్డు ఏళ్ల తరబడి పనుల్లోనే ఉంది. ఆ పనుల కోసం నగరంలో రోడ్డు పక్క పెద్ద చెట్లు కొన్నింటిని వేళ్లతో సహా పెకలించి వేరే చోట నాటారు. మంచి పనే. ఆ రోజుల్లో స్టేషన్ వెనక సందుల్లో నేను కలిసిన అద్దెకున్న స్త్రీలు మాత్రం పొద్దున్నే మిద్దె మీదికెక్కి తులసి ఆకులు తడిగుడ్డతో తుడిచేవాళ్లు. భూమి పోయినవారికి పరిహారం ఉంటుంది, ఇల్లు పోయినవారికి ఉంటుంది. దుమ్ము తిన్నవారికి ఏ చట్టంలోనూ గడి లేదు.

మరి విలువ ఎలా కట్టాలి? సంఘం మొదట “నర్సరీ నుంచి నాలుగు కుండీలు తెప్పిస్తాం” అంది. నర్సరీలో మల్లె అంటు అరవై రూపాయలకు వస్తుంది, నిజమే. ఇరవై రెండేళ్లు రోజూ పోసిన నీళ్లు, మార్చిన మట్టి, ఏరిన పురుగులు ఎవరి ఖాతాలో రాయాలి? ఇది మనకు కొత్త ప్రశ్న కాదు, పాత ప్రశ్నే కుండీ రూపంలో వచ్చింది. 2019 కాల వినియోగ సర్వేలో ఇంటి చాకిరీకి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించినట్టు తేలింది. 2024 సర్వేలో స్త్రీల లెక్క 289కి దిగింది. సంతోషించబోయేలోపు పక్క గడి చూడండి: పురుషులది 88. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు మూడు వేలు లెక్కకట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పు 2019 సర్వేనే ఆధారం చేసుకుని, గృహిణి శ్రమకు ఆదాయం లెక్కించడమంటే ఆ శ్రమను గుర్తించడమేనంది. అయితే ఈ రెండు కేసులూ చనిపోయిన స్త్రీల గురించినవి! బతికి ఉన్న స్త్రీ శ్రమకు విలువ కట్టమని అడిగితే ఇప్పటికీ నవ్వే వస్తోంది.

వరకట్న హత్యలు, బస్తీల కూల్చివేతలు ఉండగా మధ్యతరగతి బాల్కనీ మొక్కలా అని మన కార్యకర్తలే కొందరు నన్నడిగారు. అడగవలసిన ప్రశ్నే. నా జవాబు కూల్చివేతల దగ్గరే ఉంది. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రరంగు గుర్తులు వేసి, కొందరిని డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. ఇల్లు పోయిందా, ఇల్లిచ్చామా అన్నదే లెక్క. రేకుల కప్పు మీదికి పాకించిన సొరపాదు, గుమ్మం పక్క కరివేపాకు, కోళ్లగూడు, వీటితో ఆ ఇంటి స్త్రీ కూర ఖర్చు తగ్గించుకుంటుంది. పంచనామాలో ఆ వరుస రాసేవాళ్లు లేరు. అబిడ్స్ అక్కయ్య మల్లెనూ మూసీ ఒడ్డు సొరపాదునూ ఒకే చేయి కొట్టేస్తోంది. నష్టం మాత్రం ఒకే కొలతది కాదు, రెండోది ఆకలికి దగ్గర. కాబట్టి లెక్క అక్కడ ఇంకా గట్టిగా అడగాలి.

ఇంకో మాట. పరంజా మీద గమేళాలు అందించిన పాలమూరు కూలీ స్త్రీల మీదికి ఈ కోపం మళ్లకూడదు. నీడ, నీళ్లు, మరుగుదొడ్డి లేకుండా వాళ్లను పనిచేయించుకున్నవారే కుండీలను పక్కకు జరిపించడానికి ఒక్క పూట కూలీ ఖర్చు పెట్టలేదు. ఆ ఏడు కుండీలు మిగిలాయంటే, రోజూ మధ్యాహ్నం వాటి మీద చెంబుడు నీళ్లు పోసిన ఒక కూలీ అమ్మాయి వల్లనే.

అక్కయ్య కేసులో మేం చేసిందిది. కుండీల జాబితా, పండుగ రోజుల పాత ఫోటోలు, చచ్చిన మొక్కల ఫోటోలు తేదీలతో పెట్టాం. నుమాయిష్ గులాబీకి రసీదు ఎవరి దగ్గరుంటుంది? ఇరుగుపొరుగు ముగ్గురు స్త్రీలు సాక్ష్యంగా సంతకాలు చేశారు. మొక్క ఖరీదు, కుండీ, మట్టి, మళ్లీ పెంచడానికి పట్టే శ్రమ విడివిడిగా చూపి ఇరవై నాలుగు వేల ఆరువందలు అడుగుతూ సంఘానికీ కాంట్రాక్టరుకూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం. డబ్బు చెల్లించింది సంఘం కాబట్టి ఆమె వినియోగదారు కాదన్నారు. మెయింటెనెన్సు కట్టేది ఆమే, పైగా సేవ లబ్ధిదారును కూడా 2019 వినియోగదారుల చట్టం వినియోగదారుగానే చూస్తుంది. మానసిక వేదనకు పరిహారం ఇవ్వవచ్చని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. అయిదు లక్షల లోపు సేవకు జిల్లా కమిషన్‌లో రుసుము లేదు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. 1987 న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. దీన్ని మన సంస్థలు ఇంకా సరిగా వాడుకోవడం లేదు.

కమిషన్ దాకా పోనక్కరలేకపోయింది. కాంట్రాక్టరు ఆఖరి బిల్లులో ఆపి ఉంచిన సొమ్ము నుంచి తొమ్మిది వేలు కోసి ఇచ్చారు. అడిగినదానిలో సగం కూడా కాదు. వచ్చే నెల ఆ భవనంలో నీటి పైపులు మారుస్తున్నారు. ఈసారి ఒప్పందంలో, పని మొదలయ్యే పదిహేను రోజుల ముందు ఇంటింటికీ తిరిగి సామాను జాబితా రాసుకోవాలన్న షరతు చేర్పించారు. ఆ ఫారంలో టీవీ, ఫ్రిజ్, ఏసీ తర్వాత నాలుగో వరుస ‘మొక్కలు, సంఖ్య, పెంచుతున్నవారి సంతకం’. నకలు కావలసిన సంఘాలు మా కార్యాలయానికి రాస్తే పంపుతాం.