పొగకు దారి లేని మేడల్లో మన పిల్లలు

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచినయి. ఆరుగురు చనిపోయిన్రు. నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. అందరూ ఓరుగల్లు, మానుకోట, ఖమ్మం జిల్లాల నుంచి బతుకుదెరువుకు పట్నం పోయినోళ్లే. వాళ్ల ప్రాణం తీసింది పొగ.

అంతకు ఆరు నెలల ముందు, 2022 సెప్టెంబర్ 12న, అదే సికింద్రాబాద్‌లో రూబీ లాడ్జి. కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూంలో మంట, పైన లాడ్జిలో చావులు. ఎనిమిది మంది పోయిన్రు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌస్‌లో 17 మంది. అక్కడా ఊపిరాడకనే ఎక్కువ మంది పోయింది.

మన గంగారం గూడేల్లో గుడిసె పొయ్యి పొగ కప్పు సందుల్లోంచి బయటికి పోతది. స్లాబు మేడలో పొగకు ఆ సందు లేదు. వేడి పొగ పైకి లేస్తది, స్లాబుకు తగిలి పరుచుకుంటది, తర్వాత కిందికి దిగుతది. మెట్ల దారి పొగగొట్టం అయితది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పారిపోవాలనే సోయి కూడా లేకుండా చేస్తది.

దీనికి మందు కొత్తదేం కాదు. మెట్ల పైభాగంలో పొగ పోయే కిటికీ, పొగను ఆపే తలుపులు, రెండో మెట్ల దారి, పెద్ద భవనాల్లో పొగను బయటికి లాగే ఫ్యాన్లు. సెల్లారుకు నేల వైశాల్యంలో కనీసం 2.5 శాతం గాలి దారులు ఉండాలని జాతీయ భవన నియమావళే చెప్తది.

కానీ ఫైర్ ఎన్‌ఓసీ అడిగేది వాణిజ్య భవనం 15 మీటర్లు, నివాస భవనం 18 మీటర్ల ఎత్తు ఉంటేనే. మన పిల్లలు అద్దెకుండే మూడంతస్తుల ఇండ్లు ఆ లెక్కలోకే రావు. పేదోడు ఉండేకాడ చట్టం పొట్టిదైపోయింది.

ఏజెన్సీలో కాలేజీలు, కొలువులు లేకనే పిల్లలు ఆ ఇరుకు గదులకు పోతున్నరు. పంపిన సర్కారుకు వాళ్ల ఊపిరి మీద బాధ్యత లేదా?

మన డిమాండ్లు ఇవి. ఏటూరునాగారం ఐటీడీఏ కింద ఉన్న ప్రతి ఆశ్రమ పాఠశాలను, హాస్టల్‌ను అగ్నిమాపక శాఖ ఏటా జూన్‌లో బడి తెరిచేలోపే చూడాలి. కిటికీ గ్రిల్లు లోపలి నుంచి తెరుచుకోవాలి. రాత్రి బయటి గేటుకు తాళమేస్తే చెవి పిల్లల దగ్గర పడుకునే మనిషి చేతిలో ఉండాలి. మెట్ల కింద బండ్లు, పరుపులు, గ్యాస్ బండలు పెట్టొద్దు. పట్నంలో అద్దె హాస్టళ్లకు ఎత్తుతో పని లేకుండా తనిఖీ తప్పనిసరి చేయాలి.

తల్లిదండ్రులారా, ఈసారి హాస్టల్‌కు పోతే అన్నం ఎట్లుందో అడిగినట్టే, పొగ ఎటు పోతదో కూడా అడుగుండ్రి. జవాబు చెప్పకపోతే గ్రామసభలో తీర్మానం చేసి ఐటీడీఏకు పంపుదాం.

జల్, జంగిల్, జమీన్ మనవి అన్నం. పీల్చే గాలి కూడా మన హక్కే.